మెట్టసీమలో దేవుళ్ళు మన చుట్టాలే



జపాన్‌లో తయారైన యానిమేషన్ సినిమాలు ఇప్పుడు మన కర్నూలు, కడప ఇళ్ళల్లోకీ వచ్చేశాయి. టీవీలోనో సెల్‌ఫోన్‌లోనో మన పిల్లలు వాటిని రెప్ప వేయకుండా చూస్తున్నారు. వాటిలో పేరుమోసింది 2001లో హయావో మియజాకి తీసిన ‘స్పిరిటెడ్ అవే’. ఆస్కార్ బహుమతి కూడా అందుకున్న సినిమా ఇది. అందులో దేవుళ్ళు వచ్చి అలసట తీర్చుకునే పెద్ద స్నానశాల ఒకటి ఉంటుంది. ఒక రాత్రి అక్కడికి ఒళ్ళంతా బురద, భరించలేని కంపుతో ఒక ఆకారం వస్తుంది. అందరూ ముక్కు మూసుకుని పక్కకు తప్పుకుంటారు. పని చేసే చిన్నపిల్ల ఒక్కతే దగ్గరికి వెళ్ళి, దాని ఒంట్లో దిగబడిన ఇనుప ముక్కను పట్టుకుని లాగుతుంది. ముందు ఒక సైకిలు బయటికొస్తుంది. దాని వెనకాలే మనుషులు ఏట్లో పారేసిన చెత్తంతా కుప్పగా పడుతుంది. అప్పుడు తెలుస్తుంది, ఆ వచ్చింది ఒక ఏటి దేవుడని. మియజాకి తన ఊరి దగ్గర ఏరు శుభ్రం చేయడానికి వెళ్ళినప్పుడు నీళ్ళలోంచి నిజంగానే ఒక సైకిలు బయటపడిందట. ఆ అనుభవమే సినిమాలో ఘట్టమైంది.

ఏటికొక దేవుడు, కొండకొక దేవుడు, మానుకొక దేవుడు. అలాంటి లోకాన్ని చూసి మన పిల్లలు, ఎంత గొప్ప కల్పనో అంటారు. అది ఉత్త కల్పన కాదు. జపాన్ పల్లెల్లో ఈనాటికీ నడుస్తున్న పూజలోంచి పుట్టింది. అక్కడ దేవతలను ‘కామి’ అంటారు. వాళ్ళను లెక్కపెట్టడం ఎవరి తరమూ కాదని అక్కడి నమ్మకం. ముసలి మాను కనిపిస్తే దాని మొదలుకు గడ్డితో పేనిన తాడు చుట్టి దేవుడి చోటుగా గుర్తు పెడతారు. నారా ప్రాంతంలో మివా అనే కొండ ఉంది. దాని పాదాన ఉన్న గుడికి గర్భగుడి లేదు. కొండే దేవుడు కాబట్టి కొండకే మొక్కుతారు.

ఇదంతా విన్న మన పల్లె పెద్దలకు వింతగా ఏమీ అనిపించదు. అలాంటి లోకం మన కాళ్ళ కిందే ఉంది. కర్నూలు, నంద్యాల, కడప సీమల్లో దేవుడు ఎక్కడో పైన కూర్చుని ఉండడు. ఒక వంక పక్కన, ఒక గుట్ట మీద, ఒక వేపమాను కింద ఉంటాడు. మనకు అల్లుడవుతాడు, అమ్మవారైతే ఆడపడుచు అవుతుంది, అలుగుతాడు, పెళ్ళికి పిలుస్తాడు. చుట్టరికం అన్నాక రెండు వైపులా బాధ్యతలుంటాయి. ఆయన వాన కురిపించాలి, మనం ఆయన చోటును కాపాడాలి. ఈరోజు నేను చెప్పదలచుకున్నది ఈ రెండో మాట గురించే.

మనది మెట్ట నేల. నైరుతి రుతుపవనం పడమటి కనుమల అవతలే బరువంతా దించుకుని వస్తుంది. ఈశాన్యం మన దాకా వచ్చేసరికి సగం ఖాళీ అవుతుంది. 1876లో మొదలైన ధాత కరువు రెండేళ్ళకు పైగా ఈ సీమను పీల్చి పిప్పి చేసింది. అప్పట్లో దత్త మండలాలనే ఈ సీమ పల్లెల్లో ఎన్నో ఇళ్ళు మనుషులు లేక మూతపడ్డాయి. అలాంటి నేలలో బండ సందులోంచి నీటి ఊట కనిపిస్తే మన పూర్వీకులు దాని పక్కనే దేవుణ్ణి చూశారు. మన గొప్ప క్షేత్రాలన్నీ ఒక్కసారి తలచుకోండి. నంద్యాల దగ్గర మహానంది, బనగానపల్లె దగ్గర యాగంటి, పెన్న ఒడ్డున పుష్పగిరి, పాపఘ్ని కొండను చీల్చుకుని వచ్చేచోట గండి. అన్నీ నీళ్ళున్న చోట్లే.

మహానందిలో కోనేటి నీళ్ళు అద్దంలా ఉంటాయి. అడుగున పడిన నాణెం కూడా పైకి కనిపిస్తుంది. ఒక ఆవు రోజూ పుట్ట మీద పాలు విడిచేదని, అక్కడే లింగం వెలిసిందని స్థలపురాణం. లింగం మీద ఆవు గిట్ట గుర్తు ఉందని చూపిస్తారు. గుడి కోనేటి నుంచి బయటికి వచ్చిన ఆ ఊట నీరే కాలువలై అరటి తోటలకు పారుతుంది. స్వామి పాదాలు తడిపిన నీళ్ళతోనే రైతు పంట పండిస్తాడు. అక్కడ పూజ, సేద్యం రెండూ ఒకే నీటితో నడుస్తాయి. ఆ ఊట ఎండిపోతే గుడి నిలుస్తుంది గానీ, క్షేత్రం నిలవదు.

ఇక చుట్టరికం మాటకు వద్దాం. ఇందులో అహోబిలం నరసింహస్వామిని మించినవాడు లేడు. హిరణ్యకశిపుణ్ణి చీల్చి చెండాడిన ఉగ్రమూర్తి నల్లమల అడవిలో ఒక చెంచు పిల్లను చూసి చల్లబడ్డాడని, ఆమెను పెళ్ళాడాడని కథ. చెంచులక్ష్మి భర్త కనుక చెంచులకు ఆయన అల్లుడు. అది మాటవరసకు చెప్పేది కాదు. ఏటా కనుమ రోజున అహోబిలంలో పార్వేట ఉత్సవం మొదలవుతుంది. జ్వాలా నరసింహస్వామి, ప్రహ్లాద వరదస్వామి ఉత్సవమూర్తులను ఒకే పల్లకీలో కూర్చోబెడతారు. చెంచులు విల్లంబులు పట్టుకుని వస్తారు. పల్లకీ వైపు బాణాలు వేసి వేటను మొదలుపెడతారు. అల్లుడితో మామలకు ఆ పాటి చనువు ఉండాల్సిందే.

అక్కడినుంచి దాదాపు 40 రోజులు స్వామి ఊళ్ళు తిరుగుతాడు. నల్లమల అంచున ముప్పైకి పైగా పల్లెలు. ఎందుకు తిరుగుతాడు? ఫాల్గుణ మాసంలో బ్రహ్మోత్సవాల్లో తన పెళ్ళి ఉంది. ఆ పెళ్ళికి రమ్మని తానే ఇంటింటికీ వచ్చి పిలుస్తాడు. ఊళ్ళో పల్లకీ దించడానికి ప్రత్యేకంగా ఒక అరుగు ఉంటుంది. దాన్ని ‘తెలుపు’ అంటారు. ఫలానా ఊరికి ఫలానా రోజు అని ముందే తెలిసి ఉంటుంది కాబట్టి ఆ ఊరివాళ్ళు ఇళ్ళకు సున్నాలు వేసుకుంటారు. మెట్టినిళ్ళల్లో ఉన్న ఆడపిల్లలను పిలుచుకుంటారు. పనుల కోసం పట్నాలకు పోయినవాళ్ళు సంక్రాంతికి రాకపోయినా పార్వేటకు వస్తారు. పల్లకీ పొలిమేరలోకి రాగానే తప్పెట్లు మోగుతాయి. బోయీలు భుజం మార్చుకుంటూ పరుగులాంటి నడకతో ఊళ్ళోకి తెస్తారు. స్వామి ఆ రోజు ఆ ఊరి మనిషి. ఎవరి పొలం ఎట్లా పండింది, ఎవరింట్లో పెళ్ళి కుదరలేదు, ఎవరికి పిల్లలు లేరు, అన్నీ ఆయన ముందు చెప్పుకుంటారు. మరునాడు పక్క ఊరికి సాగనంపుతారు. పెద్ద క్షేత్రంలో ఉండే దేవుడు కూలీ ఇంటి ముందుకు నడిచివచ్చి పెళ్ళికి పిలవడం కంటే గొప్ప మర్యాద ఇంకేముంటుంది?

శ్రీశైలంలోనూ ఇదే తీరు. చెంచులకు అక్కడి మల్లికార్జునుడు చెంచు మల్లయ్య. కన్నడ నేల నుంచి వచ్చే భక్తులకు భ్రమరాంబ ఆడపడుచు, మల్లికార్జునుడు అల్లుడు. ఉగాదికి ముందు వాళ్ళు వేల మంది మన పల్లెల మీదుగా, ఆత్మకూరు వైపు నుంచి నల్లమల దాటి కాలినడకన కొండెక్కుతారు. ఆడబిడ్డకు పెట్టాల్సిన పసుపు కుంకుమలు, చీర తెస్తారు. దారిపొడవునా మన ఊళ్ళవాళ్ళు వాళ్ళకు మజ్జిగ, అన్నం పెడతారు. మన అల్లుడింటికి పోయే చుట్టాలు మనకూ చుట్టాలే గదా.

కడప పట్టణాన్ని ఆనుకునే దేవుని కడప ఉంది. అక్కడి లక్ష్మీ వేంకటేశ్వరస్వామిని చూసుకుని తిరుమల ఎక్కడం పూర్వం యాత్రికుల అలవాటు. ముస్లిం ఆడబిడ్డ బీబీ నాంచారి స్వామిని వరించిందన్న కథ వల్ల ఆయన ముస్లింలకు అల్లుడయ్యాడు. అందుకే ఉగాది రోజున ముస్లిం కుటుంబాలు తెల్లవారకముందే ఆ గుడికి వస్తాయి. టెంకాయలు కొడతారు. బియ్యం, బెల్లం, చింతపండు లాంటివి అల్లుడింటికి ఇచ్చినట్టు సమర్పిస్తారు. తీర్థం తీసుకుంటారు. అదే కడపలో అమీన్‌పీర్ దర్గా ముందు చేతులు జోడించే హిందువులకు లెక్కలేదు. మొహర్రంలో పీర్లు లేచినప్పుడు కర్నూలు జిల్లా పల్లెల్లో అలావా గుండం చుట్టూ తిరిగేది ఊరంతా. ఎవరి మతం వాళ్ళదే. చుట్టరికం మాత్రం అందరిదీ.

చుట్టాలన్నాక అలకలూ తగాదాలూ తప్పవు. దేవుళ్ళ తగాదాలో కూడా మనవాళ్ళు చెరో పక్షం చేరతారు. కర్నూలు జిల్లా ఆస్పరి మండలంలో కైరుప్పల అనే ఊరుంది. అక్కడి కథ ప్రకారం వీరభద్రస్వామి, భద్రకాళి ఒకరినొకరు ఇష్టపడ్డారు. పెళ్ళి మాటలో తేడా వచ్చి అమ్మ అలిగింది. అమ్మవారి పక్షం వాళ్ళు స్వామి పక్షం వాళ్ళను పిడకలతో కొట్టారు, వీళ్ళూ తిరిగి కొట్టారు. ఆ కథను ఏటా ఉగాది మరునాడు ఊరంతా తిరిగి నడుపుతుంది. ముందుగా కారుమంచి నుంచి రెడ్డి వంశంవాళ్ళు గుర్రం మీద మేళతాళాలతో వచ్చి గుళ్ళో పూజ చేస్తారు. వాళ్ళు వెనక్కి తిరగ్గానే పిడకలు లేస్తాయి. నెలల ముందునుంచే ఆవుపేడ, గేదెపేడతో చేసి ఎండబెట్టుకున్న కుప్పలవి. క్షణంలో ఊరి మీద దుమ్ము మేఘంలా కమ్ముతుంది. ఎవరు ఎవరిని కొడుతున్నారో కనబడదు. కులం, పార్టీ, పొలం తగాదా ఏదీ అందులోకి రాకూడదని కట్టుబాటు. అయిపోయాక దెబ్బలు తగిలినవాళ్ళు గుళ్ళో విభూతి పూసుకుని, కొట్టినవాడి భుజం మీదే చెయ్యి వేసుకుని ఇంటికి పోతారు. పెద్దలు ఇద్దరికీ రాజీ చేస్తారు. ఆ తర్వాత స్వామికీ అమ్మకూ కల్యాణం. మొగుడూ పెళ్ళాల గొడవను ఊరు ఎలా సర్దుతుందో, దేవుళ్ళ గొడవనూ అలాగే సర్దుతుంది.

దేవరగట్టు కథ ఇంకా బరువైనది. హొళగుంద మండలంలో కొండ మీద మాళ మల్లేశ్వరుడు ఉన్నాడు. మణి, మల్ల అనే రాక్షసులను చంపిన మల్లన్నే ఆయన. విజయదశమి అర్ధరాత్రి మాళమ్మతో ఆయనకు కల్యాణం జరుగుతుంది. ఆ తర్వాత ఉత్సవమూర్తులను ఊరేగిస్తారు. నెరణికి, నెరణికి తండా, కొత్తపేట వాళ్ళు ఆ మూర్తులను కాపాడాలి, మిగతా ఊళ్ళవాళ్ళు దక్కించుకోవాలని చూస్తారు. దివిటీల వెలుగులో వేల కర్రలు పైకి లేస్తాయి. ఇదే బన్ని ఉత్సవం. దీనికి ముందు ఆ మూడు ఊళ్ళవాళ్ళు నిష్ఠగా దీక్ష పడతారు. పాలు ముట్టుకుని, మనలో మనకు పగ లేదని బాస చేసుకుంటారు. గొరవయ్యలు నల్ల కంబళి కప్పుకుని, ఎలుగుబంటి వెంట్రుకల టోపీ పెట్టుకుని, డమరుకం మోగిస్తూ ముందు నడుస్తారు. తెల్లవారే వేళకు భవిష్యవాణి వినిపిస్తారు. వానలు ఎలా పడతాయో, పత్తి, జొన్న ఏ ధర పలుకుతాయో చెబుతారు. సేద్యగాడి దేవుడు సేద్యగాడికి కావలసిన కబురే చెబుతాడు.

ఈ ఉత్సవంలో ఏటా తలలు పగులుతున్నాయి. ప్రాణాలు పోయిన సందర్భాలూ ఉన్నాయి. ఆ ఊళ్ళ పెద్దలకు ఒక మనవి చేయాలని ఉంది. చనిపోతూ రాక్షసులు అడిగింది ఏటా పిడికెడు రక్తమని మీరే చెబుతారు. ఆ మాట నిలబెట్టడానికి ఒక గొరవయ్య తన కాలి నుంచి నెత్తురు తీసి అర్పిస్తాడు. అక్కడితో స్వామి ఇచ్చిన మాట చెల్లింది. దానికి మించి పారే రక్తం ఆయన అడిగింది కాదు. దీక్షను, పాలబాసను, దివిటీలను, గొరవయ్యల మోతను నిలబెట్టుకుంటూనే, తాగి కర్ర పట్టినవాణ్ణి వెనక్కి పంపడం ఆ ఊళ్ళ చేతుల్లోనే ఉంది. పోలీసులు చెప్పినదానికంటే ఊరి పెద్ద చెప్పినదానికే అక్కడ విలువ ఎక్కువ.

పెద్ద దేవుళ్ళ సంగతి ఇట్లా ఉంటే, ప్రతి ఊళ్ళోనూ ఇంకో లోకం ఉంది. ఊరి నడుమ బొడ్రాయి, పొలిమేరలో పోతరాజు, వేపమాను కింద సుంకులమ్మ, పెద్దమ్మ, మారెమ్మ, చెరువుకట్ట మీద గంగమ్మ. వీళ్ళలో చాలామందికి గోపురం లేదు, పూజారికి జీతం లేదు. పసుపు రాసిన రాయి, కుంకుమ బొట్టు, పక్కన మట్టి ప్రమిద. ఏళ్ళకొకసారి ఊరు పూనుకుని దేవర చేస్తుంది. దేవర అంటే ఆ ఊళ్ళో పొయ్యి వెలగని ఇల్లుండదు. చుట్టాలతో వీధులు కిక్కిరిసిపోతాయి. ఆసాదులు అమ్మ కథ పాడతారు. రాత్రి పొలిమేర చుట్టూ పొలి చల్లి, రోగం రొష్టు లోపలికి రాకుండా ఊరికి గీత గీస్తారు. ఆ పొలి చల్లేవాడి వెనక నడిచే పిల్లవాడికి ఊరి హద్దు ఏ వంక దగ్గర మొదలై ఏ బండ దగ్గర ముగుస్తుందో జీవితాంతం మరపు రాదు. సర్వే నంబర్లు రాకముందు ఊరి పటం అమ్మవారి దగ్గరే ఉండేది.

మనుషులు కూడా దేవుళ్ళవుతారు. జపాన్‌లో సుగవారా నో మిచిజానె అనే పండితుడు ఉండేవాడు. కిట్టనివాళ్ళ మాటలు విని రాజు ఆయన్ను దూరప్రాంతానికి వెళ్ళగొట్టాడు. 903లో అక్కడే ఆయన చనిపోయాడు. ఆ తర్వాత రాజధానిలో పిడుగులు, చావులు వచ్చిపడ్డాయి. జరిగిన అన్యాయం గుర్తొచ్చి జనం ఆయనకు గుడి కట్టారు. ఇవాళ జపాన్ విద్యార్థులు పరీక్షలకు ముందు మొక్కుకునే దేవుడు ఆయనే. మన పేరంటాలమ్మలు ఇలాంటివాళ్ళే. అన్యాయంగానో అర్ధాంతరంగానో పోయిన ఆడబిడ్డను ఊరు మరచిపోకుండా రాయి నాటి, పసుపు కుంకుమ పెట్టి, చీర కట్టి, ఏటా తలచుకుంటుంది. బతికుండగా ఇవ్వలేని న్యాయాన్ని పూజగా తీర్చుకుంటుంది.

పరాయివాడైనా మంచి చేస్తే ఈ నేల తనవాణ్ణి చేసుకుంటుంది. 1800లో దత్త మండలాల కలెక్టరుగా వచ్చిన థామస్ మన్రో ఏడేళ్ళు గుర్రం మీద ఊరూరూ తిరిగి రైతులతో నేరుగా మాట్లాడి శిస్తు నిర్ణయించాడు. మంత్రాలయంలో రాఘవేంద్రస్వామి బృందావనం దగ్గర స్వామి ఆయనకొక్కడికే కనిపించి మాట్లాడారని చెప్పుకుంటారు. గండిలో కొండల నడుమ వేలాడే బంగారు తోరణం ఆయన కంటికి కనబడిందంటారు. మద్రాసు గవర్నరై మళ్ళీ ఈ సీమకు వచ్చినప్పుడు, 1827 జులై 6న పత్తికొండ దగ్గర కలరాతో కన్నుమూశాడు. రైతులు తమ పిల్లలకు ఆయన పేరు పెట్టుకున్నారు. తమ మొర ఆలకించినవాణ్ణి ఈ జనం దేవుడి కథలోనే కలిపేసుకున్నారు.

అన్నింటికంటే పెద్ద మొర వాన. ఆరుద్ర పోయి పునర్వసు వచ్చినా చినుకు రాలకపోతే పల్లెల్లో పిల్లలు రోకలికి వేపమండలు చుట్టి, దానికి కప్పను కట్టి భుజాల మీద మోస్తూ ఇల్లిల్లూ తిరుగుతారు. ఆడవాళ్ళు బిందెతో నీళ్ళు తెచ్చి కప్పతల్లి మీద పోస్తారు. తాగడానికే కరువైన నీళ్ళను అలా పోయాలంటే ఎంత నమ్మకం ఉండాలి! కొన్ని ఊళ్ళల్లో గాడిదలకు పెళ్ళి చేస్తారు. కొన్ని ఊళ్ళల్లో విరాటపర్వం చదివిస్తారు. ఆ చదువుకు కులం తేడా లేకుండా రాత్రిళ్ళు రచ్చకట్ట మీద జనం కూర్చుంటారు. వాన వస్తుందో రాదో గానీ, కరువులో ఎవరూ ఒంటరిగా లేరని ఆ రాత్రి అందరికీ తెలుస్తుంది.

నీళ్ళ విషయంలో మన ఒంటిమిట్ట చెప్పే కథ ఇంకొకటి. కడప నవాబు కొలువులో ఇమాంబేగ్ అనే అధికారి ఉండేవాడు. పిలిస్తే మీ రాముడు పలుకుతాడా అని కోదండరామాలయం ముందు అడిగాడట. నిండు మనసుతో పిలిస్తే పలుకుతాడని అక్కడివాళ్ళన్నారు. ఆయన పిలిచాడు, లోపలినుంచి మారుపలుకు వినిపించింది. ఆ రామభక్తుడు యాత్రికుల కోసం అక్కడ బావి తవ్వించాడు. ఆయన పేరుతోనే ఆ బావిని ఇప్పటికీ పిలుస్తారు. అదే గుడి శిథిలమైపోతుంటే, ఆంధ్ర వాల్మీకి వావిలికొలను సుబ్బారావు గారు చేత టెంకాయ చిప్ప పట్టుకుని ఊరూరా అడుక్కుని బాగుచేయించారు. ఒకాయన నీళ్ళు ఇచ్చాడు, ఒకాయన తన మానం మర్యాద పక్కనపెట్టి చేయి చాచాడు. దేవుడి చోటును కాపాడటం అంటే ఇదీ.

మరి మనం ఏం చేస్తున్నాం? నాకు నిజంగా బాధ కలిగించే మాట ఇక్కడ చెప్పాలి. ఊళ్ళోకి డబ్బు వస్తోంది. సంతోషమే. ఆ డబ్బుతో అమ్మవారికి గుడి కడదామనుకుంటున్నారు. ముందుగా జరిగే పనేమిటంటే, వంద ఏళ్ళుగా అమ్మకు నీడ ఇచ్చిన వేపమానును కొట్టేయడం. వేళ్ళు పునాదికి అడ్డమొస్తాయట. మాను పోతుంది, కాంక్రీటు స్లాబు వస్తుంది, మే నెలలో ఆ స్లాబు కింద నిలబడితే కాళ్ళు కాలుతాయి. గంగమ్మ కుంటను పూడ్చి కల్యాణ మండపం కడుతున్నాం. గుట్టను పలుగురాళ్ళ కోసం తొలిచేసి, మిగిలిన ముక్క మీద ఉన్న దేవుడికి మెట్లు కడుతున్నాం. కర్నూలు నడిబొడ్డున హంద్రీలోకి, కడప నడిబొడ్డున బుగ్గవంకలోకి మురుగు వదిలి, పుష్కరాలొస్తే నదీమతల్లికి హారతి పడుతున్నాం.

జపాన్‌లో కూడా ఇలాంటి రోజు వచ్చింది. 1906లో అక్కడి ప్రభుత్వం చిన్న చిన్న గుళ్ళను తీసేసి ఊరికొక గుడిలో కలపమని ఉత్తర్వులిచ్చింది. వేల గుళ్ళు మాయమయ్యాయి. గుడితోపాటు దాని చుట్టూ తరాలుగా ఎవరూ గొడ్డలి పెట్టని తోపులు కలపకు అమ్ముడుపోయాయి. మినకాత కుమగుసు అనే శాస్త్రవేత్త దాన్ని ఎదిరించాడు. తోపు పోతే పక్షి పోతుంది, పక్షి పోతే పురుగు పెరుగుతుంది, పంట పోతుంది, చివరికి ఊరివాళ్ళ మధ్య ఉన్న కలుపుగోలుతనమే పోతుందని ఊరూరా చెప్పాడు. 1910లో జైలుకూ వెళ్ళాడు. ఏళ్ళ తరబడి పోరాడాక ఆ విధానం ఆగింది. ఆయన వల్ల మిగిలిన తోపుల్లో ఇవాళ్టికీ పెద్ద మానులు నిలబడి ఉన్నాయి. అలాంటి అడవులు చూస్తూ పెరిగిన దేశం కాబట్టే వాళ్ళ సినిమాల్లో అడవి దేవుడు అంత నిజంగా కనిపిస్తాడు.

మన దగ్గర చోటు పోగొట్టుకున్న దేవుడెలా ఉంటాడో చూడాలంటే సంగమేశ్వరానికి వెళ్ళండి. కృష్ణ, తుంగభద్ర తదితర ఏడు నదులు కలిసేచోటు అది. అక్కడి శివలింగం రాతిది కాదు, వేపకొయ్యది. శ్రీశైలం జలాశయం నిండాక ఆ గుడి ఏటా ఎన్నో నెలలు నీళ్ళ అడుగున ఉంటుంది. ఎండాకాలం నీటిమట్టం తగ్గినప్పుడు ముందు శిఖరం, తర్వాత గోడలు బయటపడతాయి. గర్భగుడిలోని ఒండ్రు ఎత్తిపోసి, కొయ్య లింగాన్ని కడిగి, మళ్ళీ దీపం పెడతారు. ఆషాఢంలోనో శ్రావణంలోనో వరద వస్తుంది. నీళ్ళు గడప దాటి పాదాలను ముట్టుకునేదాకా పూజారి అక్కడే ఉండి చివరి హారతి ఇచ్చి గట్టెక్కుతాడు. ఆ జలాశయం వల్ల మనకు కరెంటు వచ్చింది, కాలువలకు నీళ్ళు వచ్చాయి. దాని కోసం ఎన్నో ఊళ్ళు మునిగాయి, అక్కడివాళ్ళు ఇళ్ళూ పొలాలూ వదులుకున్నారు. ఆ త్యాగం అందరి మేలుకోసం జరిగింది. కానీ ఒక వేపమానును నాలుగు అడుగుల మండపం కోసం కొట్టేయడంలో ఎవరి మేలూ లేదు.

శ్రోతలారా, నా విన్నపం పెద్దదేమీ కాదు. మీ ఊళ్ళో అమ్మవారికి గుడి కట్టాలనుకుంటే మానును వదిలి గోడ జరపండి. మేస్త్రీకి ముందే చెప్పండి, నక్షాలో మాను ఉండాలని. దేవుడి కుంటకు పూడిక తీయించడం కూడా అర్చనే అనుకోండి. దేవరకు వసూలు చేసే చందాలో కొంత ఆ పనికి తీసిపెట్టండి. ఏట్లో చెత్త వేసే చేతిని ఆపండి. పాఠశాల ఉపాధ్యాయులకు ఇంకో మాట. మీ ఊరి పొలిమేర రాళ్ళ పేర్లు, పేరంటాలమ్మల కథలు, గొరవయ్య పాడే వరుసలు, ఆసాది చెప్పే అమ్మవారి పుట్టుక, ఇవన్నీ ముసలివాళ్ళ నోళ్ళలోనే మిగిలాయి. మీ పిల్లలతో రాయించండి, సెల్‌ఫోన్‌లో రికార్డు చేయించండి.

కథలు రాసే యువకులకు, గేములు, కార్టూన్లు తయారుచేసే అమ్మాయిలకు, అబ్బాయిలకు కూడా చెబుతున్నాను. జపాన్‌వాళ్ళు తమ పల్లె దేవుళ్ళతో ప్రపంచాన్ని మెప్పించారు. పెళ్ళికి పిలవడానికి 40 రోజులు ఊళ్ళు తిరిగే సింహముఖ దేవుడు, ఎలుగుబంటి టోపీతో ధరలు చెప్పే గొరవయ్య, పిడకలతో అలక తీర్చుకునే కాళి, నీళ్ళ అడుగున నెలల తరబడి ఉండే వేపకొయ్య శివుడు. ఇంత సంపద చేతిలో పెట్టుకుని మనం ఇంకెవరి లోకాన్నో నకలు చేయనక్కర్లేదు. ఆ కథలు మీరు రాయండి. రాసే ముందు ఆ గుట్టలకూ వంకలకూ వెళ్ళి చూడండి, అక్కడివాళ్ళతో కూర్చుని మాట్లాడండి.

మీ పంచాయతీలో వచ్చే గ్రామసభ జరిగేటప్పుడు ఒక తీర్మానం రాయించండి. మా ఊరి దేవుళ్ళ మానులు, కుంటలు, గుట్టలు ఇవీ అని పేరుపేరునా రాసి, వీటి మీద గొడ్డలి గానీ పొక్లెయిన్ గానీ పెట్టరాదని సంతకాలు చేయండి. మనల్ని తన పెళ్ళికి పిలవడానికి కొండ దిగి నడిచి వచ్చే దేవుడికి మనం చెల్లించాల్సిన కట్నం అదే.